ఒక చుక్కా, రెండు చుక్కలా?

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ చెన్నై ట్రిప్లికేన్‌లో అందరం కులాసా. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఇంగ్లీషు సాహిత్య వ్యాసం ఒకదాన్ని ఉర్దూలోకి తెస్తున్నావని చెప్పింది. మన కర్నూలు ఇంట్లో నా తర్వాత ఆ లిపి పట్టింది నువ్వే. ఆ ముక్క పక్కింటివాళ్లకు కూడా చెప్పుకున్నాను. "అంతా అయిపోయిందట, ఐరనీ అన్న మాట ఒక్కటే మిగిలిందట, ఈ రాత్రికి తేల్చేస్తుందట" అని కూడా అంది. అక్కడే నా నిద్ర పోయింది.

నిఘంటువు చూడమని నీకు చెప్పక్కర్లేదు. మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి 1937 నాటి ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు తీసే ఉంటావు. వ్యాసం చివరిదాకా చదవకుండా ఏ మాటా ఖాయం చేయకు. అంతే.

ఇక నా సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. ఎదురింటి ఉస్తాద్ గారి దగ్గర నాలుగేళ్లు చదివి, ఉర్దూ వచ్చేసిందనుకుంటున్న రోజులు. ఇక్కడి చిన్న పత్రిక ఒకటి ఇంగ్లీషు కవిత్వం మీద వ్యాసాన్ని ఉర్దూ చేసిమ్మంది. అందులో మాటిమాటికీ యాంబిగ్యుటీ అన్న మాట. అలంకారాల పుస్తకం తిరగేస్తే ఈహామ్ కనిపించింది: మాటకు దగ్గరి అర్థం ఒకటి, దూరపు అర్థం ఒకటి, కవి ఉద్దేశించేది దూరపుదాన్ని. రెండర్థాలనగానే గంతేశాను. అది మన శ్లేషకు చుట్టం, కవి కావాలని చేసే చమత్కారం. నాకు కావలసింది ఇబ్హామ్, అర్థం తేలకుండా ఉండడం. రాతలో ఈ రెండింటికీ తేడా ఎంతో నీకు తెలుసు. కింద ఒక చుక్క పెడితే ఇబ్హామ్, రెండు పెడితే ఈహామ్.

ఉర్దూ పత్రికలకు అప్పటికింకా కంప్యూటర్ అక్షరాలు రాలేదు. పేజీలు లేఖకులు, అంటే కాతిబ్‌లే రాయాలి. 1927లో మొదలైన ముసల్మాన్ దినపత్రికను మా ట్రిప్లికేన్‌లో చేత్తో రాసేవారని వినే ఉంటావు. మా కాతిబ్ సాబ్ అక్కడివారు కాదులే. ఆయన మొదటి పేజీలోనే కలం ఆపి, "మియా, ఏక్ నుక్తా యా దో?" అని అడిగారు, ఒక చుక్కా రెండా అని.

"నేను రాసింది రాయండి" అన్నాను. ఎమ్మే చదివిన గొంతు అది. ఆయన మారు మాట్లాడలేదు. పన్నెండు చోట్ల ముత్యాల్లాంటి చుక్కలు రెండేసి పెట్టారు.

పత్రిక వచ్చాక ఒక ముషాయిరాలో, అంటే కవుల సభలో, పెద్దాయన ఒకరు అందరి ముందూ, "మీ ఇంగ్లీషు కవి ఆబ్రూ శిష్యుడా?" అన్నారు. పద్దెనిమిదో శతాబ్దపు ఢిల్లీలో షా ముబారక్ ఆబ్రూ, ఆయన తోటివాళ్లు ఈహామ్ మోజులో కవిత్వం చెప్పిన కాలం ఒకటుంది. సభంతా నవ్వింది. నేనూ నవ్వేసి, "కాతిబ్ ఒక చుక్క ఎక్కువ పెట్టాడు" అన్నాను. పెట్టారు అని కూడా కాదు, పెట్టాడు.

ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. ఆ తర్వాత ఎదురైనప్పుడల్లా ముందు సలాం చేసింది ఆయనే. నాకు నోరు పెగల్లేదు. కంప్యూటర్లు వచ్చాక ఆయన పెళ్లి కార్డులు రాస్తూ కనిపించేవారు. అప్పుడూ దగ్గరికి వెళ్లలేదు.

ఎందుకీ పురాణమంటావు. నువ్వు ఐరనీకి తంజ్ అని రాసేసి లేచిపోతావని నా భయం. తంజ్ మంచి మాటే, కానీ దాని నోట్లో ఎత్తిపొడుపు ఉంది. కీచకుడు సింగారించుకుని నర్తనశాలకు బయల్దేరతాడు. చీకట్లో ఉన్నది భీముడని మనకు తెలుసు, వాడికి తెలియదు. అదీ ఐరనీయే, కానీ అక్కడ ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవడం లేదే! తంజ్ అంటే చదివే పిల్లలు లేని ఎత్తిపొడుపు కోసం వెతుక్కుంటారు. మనకూ ఈ తంటా ఉంది. ఆలంకారికులకు వ్యంగ్యమంటే ధ్వనించే అర్థం, ఇప్పుడు "ఏంటి, వ్యంగ్యమా?" అంటే దెబ్బలాటకే.

అందుకని ఐరనీ అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసుకో. ఎగతాళి ఉన్నచోట తంజ్ నిలుస్తుంది. లేనిచోట ఐరనీ అనే ఉర్దూ లిపిలో రాసి, మొదటిసారి ఒక వాక్యంలో విడమర్చు. సిగ్గేమీ లేదు, నావెల్‌ను వాళ్లు నావిల్ అనే ఉంచుకున్నారు. కొత్త మాట మాత్రం కట్టకు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుల్ తర్జుమా అని అనువాదాల సంస్థ పెట్టి, పండితులు కూర్చుని వాదించుకుని చేసిన పని అది. హాస్టల్ గదిలో అర్ధరాత్రి నువ్వొక్కదానివే చేసేస్తావా?

కోప్పడ్డాననుకోకు తల్లీ. అన్నం తిని పడుకో. పొద్దున్నే ఆ పేజీలు అక్కడి ఉర్దూ పెద్దవాళ్లెవరికైనా చదివి వినిపించు. "ఇదేనా?" అని ఎవరైనా ఆగితే, టీ చెప్పించి కూర్చోబెట్టు.

ఆ పాత పత్రిక కొరియర్‌లో పంపుతున్నాను. రెండో చుక్కల్ని బ్లేడుతో గీకేశాను. పదకొండు చోట్ల బాగానే వచ్చింది. ఏడో పేజీలో కాగితం తెగింది, జాగ్రత్తగా తిప్పు.

ఇట్లు,
పెదనాన్న