వాన రోజుల్లో కంబాలకొండలో జింకలు కనిపిస్తాయా?

వాన పడే రోజుల్లో జింకలు చూడటానికి విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండ అభయారణ్యానికి వెళ్లడం మంచిదా, పొడి రోజులు మేలా అని అడిగారు. చిన్న వాన మీకు అడ్డు కాదు. అడ్డల్లా గాలే. ఆకాశం చూసి బయలుదేరేవారే తప్ప గాలి ఎటు వీస్తోందో చూసుకునేవారు తక్కువ.

ఆ కొండకు సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరమే. మామూలు రోజుల్లో తెల్లవారుజామున గాలి కొండ వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. జాతీయ రహదారి వైపు నుంచి లోపలికి నడిచేవారి వాసన అప్పుడు వెనక్కే పోతుంది. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై, మనకంటే ముందే మన వాసనను అడవిలోకి చేరవేస్తుంది. తీరిగ్గా టిఫిన్ చేసి పది దాటాక వెళ్లి, "ఏమీ లేవండీ" అని తిరిగొచ్చేవారి సంగతి సగం ఇదే. రుతుపవనాల రోజుల్లో మాత్రం ఈ లెక్క కుదరదు. ఎండుటాకు నలిపి గాలిలోకి వదిలి చూసుకోవాలి.

ఈదురుగాలి ఉన్న రోజు నేనైతే వెళ్లను. ఆకుల హోరులో చిరుత అడుగు వినపడదు కాబట్టి చుక్కల దుప్పులు మేత తగ్గించి మాటిమాటికీ తల ఎత్తుతాయి, గాలి తగలని వాలులకు దిగిపోతాయి.

జల్లు పడుతున్నా మేస్తూనే ఉంటాయి. అసలు సమయం వాన వెలిశాక. చెట్లు చాలాసేపు టపటపా కారుతూనే ఉంటాయి, ఆ చప్పుడులో ఏదీ సరిగ్గా వినపడదు. అందుకే కాబోలు, పొదలు వదిలి బయటి గడ్డిలోకి వస్తాయి. అలాంటి ఒక సాయంత్రం జలాశయం పక్కన ఒక ఆడదుప్పి ఒళ్లు విదిలించుకుంటూ కనిపించింది. మమ్మల్ని పసిగట్టగానే నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. ఒక చెవి మా వైపు, రెండోది వెనక్కి. తర్వాత ముందుకాలితో నేలను కొట్టింది. అప్పుడు మీరు కదలకుండా ఉంటే ఇంకా ఆశ ఉంటుంది. తోక లేచి తెల్లగా కనిపించిందంటే మంద మొత్తం పొదల్లోకి పోయినట్టే.

మే నెల ఉక్క భరించగలిగితే నీటి దగ్గర చూడటం సులువు, ఎందుకంటే వేరే చోట నీళ్లుండవు. వానలు కుదురుకున్నాక ప్రతి గుంటలో నీరు, ఎక్కడ చూసినా లేతగడ్డి. మందలు కొండంతా చెదిరిపోతాయి. అడవి పచ్చగా ఉన్నప్పుడే జింకలు తక్కువ కనిపించడానికి కారణం అదే. కణితులు (సాంబార్ జింకలు) మరీ రాత్రి జీవులు, అవి పొర్లిన బురదగుంట కనిపించినా అదృష్టమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కొండలు నిప్పంటుకున్నట్టు గోధుమరంగుకు తిరిగాయి. కూలిన మానులు పాత బాటలకు అడ్డంపడి, కొన్నాళ్లు జింకలు ఎటు వస్తాయో అంచనా చిక్కలేదు.

మీకు నా సలహా: డిసెంబరు, జనవరిల్లో గాలి లేని ఉదయం. సెంటు పూసుకోవద్దు. కార్తికంలో వాతావరణం బాగున్నా ఆదివారాలు వద్దు, వనభోజనాల సందడికి అడవి ఖాళీ అవుతుంది. పిల్లలకు జింకను తప్పక చూపించాలంటే మాత్రం పక్కనే ఇందిరాగాంధీ జూ ఉంది, అక్కడ గాలితో పనిలేదు.