అద్దెను ఈఎంఐతో పోల్చి ఇల్లు కొనకండి

“నెలకు 18 వేలు అద్దె కడుతున్నాం, ఇంకో 12 వేలు కలిపితే ఈఎంఐ అవుతుంది, ఇల్లు మనదవుతుంది కదా?” అని ఒకరు అడిగారు. 2021లో సరిగ్గా ఇదే లెక్క వేసుకుని మేం హైదరాబాద్ నిజాంపేటలో పాత ఫ్లాటు ఒకటి కొన్నాం.

ఆ లెక్క మొదట్లోనే తప్పింది. బేరం జూన్‌లో కుదిరింది, బ్యాంకు కాగితాలు తెమిలేసరికి ఆగస్టు వచ్చింది. ఈలోగా జులై 22 నుంచి తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది. 55 లక్షల మీద ఆ ఒకటిన్నర శాతమే 82,500 రూపాయలు. వంటింటి అల్మరాల కోసం దాచినదంతా అందులోకే పోయింది.

అప్పు 40 లక్షలు, 20 ఏళ్లు, వడ్డీ 6.75 శాతం, ఈఎంఐ 30,414. వడ్డీ రెపో రేటును (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) బట్టి మారుతుందని సంతకాల రోజే చెప్పారు, తల ఊపాం. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా వడ్డీ 9.25 శాతానికి చేరింది. ఆ రేటుకు 30,414లో దాదాపు 30 వేలు వడ్డీకే సరి, అసలుకు జమయ్యేది నాలుగైదు వందలు! గడువును 30 ఏళ్లకు సాగదీశారు, అదీ చాలక ఈఎంఐ 32 వేలు దాటించారు. రెపో మళ్లీ తగ్గడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదంతా డబ్బు సంగతి. నన్ను అసలు కుంగదీసింది మా అత్తగారి గది పైకప్పు. 2022 జులై వానల్లో మంచానికి సరిగ్గా పైన, మూల దగ్గర పళ్లెమంత పసుపు మరక కనిపించింది. వారానికి పెచ్చులు ఊడాయి, ఆ తర్వాత చుక్కలు. వానలు వెలిసినా ఆగలేదు. పైవాళ్ల స్నానాల గదిలో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ గొట్టం) చుట్టూ సిమెంటు వదిలేసిందని, టైల్స్ తవ్వితే తప్ప ఆగదని ప్లంబర్ తేల్చాడు. పైన ఉన్న అమ్మాయిని అడిగితే “మేం అద్దెకున్నవాళ్లం అక్కా, ఓనరుగారితోనే మాట్లాడండి” అంది. అమెరికాలో ఉన్న ఓనరుగారు “సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దామండీ” అన్నారు. అసోసియేషన్ వాళ్లు అది మీ రెండు ఫ్లాట్ల వ్యవహారం అన్నారు. ఐదు నెలలు ఆ మంచం పక్కన స్టీలు బేసిను పెట్టాం. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని అత్తగారు అందులో పాత తువ్వాలు వేసుకునేవారు. చివరికి సగం ఖర్చు మేమే పెట్టుకుంటామంటే తవ్వనిచ్చారు. తప్పు వాళ్ల గదిలో ఉంటే సగం డబ్బు మాది! అద్దె ఇల్లయితే యజమానికి ఒక ఫోను చేసేదాన్ని, వినకపోతే రెండు నెలల్లో ఖాళీ చేసేదాన్ని. ఇక్కడ ఖాళీ చేసి ఎక్కడికి వెళ్తాను?

అలాగని అద్దె ఇళ్లు సుఖమని అనను. పదకొండేళ్లలో ఐదిళ్లు మారాం. ఖాళీ చేసిన ప్రతిసారీ రంగులకని ఒక నెల అద్దె పట్టుకున్నారు. రెండిళ్లలో మా తర్వాత వచ్చినవాళ్లు మా పిల్లవాడు పెన్సిలుతో గీసిన గోడలతోనే దిగారు. రంగులు వేయనప్పుడు ఆ డబ్బు ఎందుకు పట్టుకోవాలి? మా అత్తగారికి ఇక మూటాముల్లె సర్దే పని లేదు, అది నాకు చాలా పెద్ద విషయం. అందుకే కొనవద్దని చెప్పను.

ఆ అదనపు 12 వేలకు మెయింటెనెన్సు, ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ల వాటా, ఆస్తి పన్ను కలిపి నెలకు ఇంకో ఐదు వేలు వేసుకోండి. ఆ 17 వేలు ఇప్పటినుంచే ఏడాదిపాటు పక్కన పెట్టండి. బడి ఫీజులు కట్టే జూన్‌లో కూడా ముట్టుకోకుండా ఉండగలిగితే ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టండి. చూడటానికి వానాకాలంలోనే వెళ్లండి. గదుల మూలలు తలెత్తి చూడండి, పై ఫ్లాటు ఓనరు ఎక్కడుంటారో ముందే అడగండి.