ప్రకటన ఆగిందా, ఖాతానే పోయిందా?: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అఫిలియేట్ లింకులున్న (వాటి ద్వారా ఎవరైనా కొంటే కమిషన్ వచ్చే) నా సైటుకు గూగుల్ సెర్చ్‌లో ప్రకటనలు ఇస్తుంటాను. ప్రకటనలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అయినా వరుసగా తిరస్కరిస్తున్నారు. అఫిలియేట్లకు అసలు ప్రకటనలు ఇవ్వనివ్వరా?

జవాబు: ఇవ్వనిస్తారండి. గూగుల్ యాడ్స్‌లో అఫిలియేట్ మార్కెటింగ్‌పై నిషేధం లేదు. చిక్కు చాలాసార్లు ప్రకటన మాటల్లో కాక, క్లిక్ చేశాక తెరుచుకునే పేజీలో ఉంటుంది.

విక్రేత సైటులోని ఫొటోలు, వివరణ తెచ్చి అతికించి, కింద ‘కొనండి’ బటన్ పెట్టిన పేజీని బ్రిడ్జ్ పేజీ అంటారు. మనిషిని వేరే సైటుకు పంపడం తప్ప దానికి వేరే పని లేదు కాబట్టి ఆమోదించరు. మీ పేజీలోంచి అఫిలియేట్ లింకులన్నీ తీసేసి ఒకసారి చదవండి. కొనాలనుకునే మనిషికి పనికొచ్చేది ఏమైనా మిగిలిందా? ఏ మోడల్ ఎవరికి సరిపోదు, రెండింటికీ తేడా ఎక్కడ, వాడి చూస్తే ఏం తేలింది అన్న సమాచారం మీ సొంత మాటల్లో ఉండాలి. కమిషన్ వస్తుందన్న సంగతి పేజీ అడుగున దాచకుండా మొదట్లోనే చెప్పండి. పాఠకుడికి ఆ మాత్రం నిజాయితీ మనం బాకీ ఉన్నాం.

పేజీ బాగానే ఉన్నా డొమైన్ దగ్గర దొరికిపోయేవాళ్లు ఎక్కువ. ప్రకటనలో కనిపించే డొమైన్, తెరుచుకునే పేజీ డొమైన్ ఒకటే కావాలి. ఫైనల్ యూఆర్‌ఎల్‌లో (ప్రకటన చేర్చాల్సిన పేజీ చిరునామాలో) మీ సైటు ఇచ్చి, అక్కడి నుంచి అఫిలియేట్ నెట్‌వర్క్ లింకుకు రీడైరెక్ట్ చేస్తే (దారి మళ్లిస్తే) ‘డెస్టినేషన్ మిస్‌మ్యాచ్’ (గమ్యం పొంతన లేకపోవడం) కింద ఆపేస్తారు. క్లిక్కులు లెక్కపెట్టే లింకును, దానికోసం యాడ్స్ ఖాతాలో విడిగా ఉండే ట్రాకింగ్ టెంప్లేట్ గడిలోనే పెట్టండి. అది కూడా చివరికి అదే పేజీకి చేరాలి. 2018 అక్టోబరు 30 నుంచి సెర్చ్ ప్రకటనలకు ప్యారలల్ ట్రాకింగ్ తప్పనిసరి. అంటే, క్లిక్ చేసిన వ్యక్తి నేరుగా ఫైనల్ యూఆర్‌ఎల్‌కు వెళ్తాడు, ట్రాకింగ్ లింకు వెనకాల విడిగా నడుస్తుంది. కాబట్టి ట్రాకర్‌లో దారి మళ్లించే పాత పద్ధతులు ఇక్కడ కుదరవు.

పైకి కనిపించని కారణం ఇంకొకటుంది. పేజీని పరిశీలించడానికి వచ్చే గూగుల్ ప్రోగ్రామ్ యాడ్స్‌బాట్‌ను మీ సర్వర్ ఫైర్‌వాలో, సెక్యూరిటీ ప్లగినో అడ్డుకుంటూ ఉండవచ్చు. సర్వర్ లాగ్‌లో ఆ పేరు పక్కన 403 (అనుమతి లేదన్న సంకేతం) ఉందేమో చూడండి. రోబోట్స్ ఫైలులో (బాట్లు ఏ పేజీలు చూడొచ్చో చెప్పే ఫైలు) నక్షత్రం గుర్తుతో అందరికీ పెట్టే నియమం యాడ్స్‌బాట్‌కు వర్తించదు, పేరు పెట్టి ఆపితేనే ఆగుతుంది. దేశాన్ని బట్టి వేరే పేజీ చూపించే ప్లగిన్లు మరింత ప్రమాదం. బాట్‌కు ఒక పేజీ, మనిషికి మరో పేజీ కనిపిస్తే దాన్ని క్లోకింగ్‌గా లెక్కగడతారు.

ప్రశ్న: ఖాతా సస్పెండ్ అయింది. ఇంట్లో ఇంకొకరి పేరుతో, వేరే కార్డుతో కొత్త ఖాతా తెరవవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. సస్పెన్షన్ తర్వాత కొత్త ఖాతా తెరవడం ‘సర్కమ్‌వెంటింగ్ సిస్టమ్స్’ (వ్యవస్థను తప్పించుకోవడం) అనే తీవ్ర ఉల్లంఘన. దానికి ముందస్తు హెచ్చరిక ఉండదు, సంబంధం ఉన్న ఖాతాలు కూడా పోవచ్చు. ఇంట్లోవాళ్ల ఖాతాను కూడా ప్రమాదంలో పడేసినట్టవుతుంది.

ముందు మెయిల్‌లో ఏ విధానం పేరు రాశారో చూడండి. పేజీ, రీడైరెక్టులు, పాత ప్రకటనలు అన్నీ సరిదిద్దాకే అప్పీలు పెట్టండి. ఆగిపోయి ఉన్న ప్రకటనల లింకులను కూడా వదలొద్దు. ‘నేను ఏ తప్పూ చేయలేదు’ అన్న ఒక్క వాక్యంతో పని జరగదు. ఏ లింకు ఎందుకు తీసేశారో, ఏ పేజీలో ఏం మార్చారో రాయండి. ఏమీ మార్చకుండా అదే అప్పీలును పదేపదే పంపితే ఫలితం మారదు.

కొన్ని విధానాలకు మాత్రం స్ట్రైక్ పద్ధతి ఉంది: మొదట హెచ్చరిక, తర్వాత 3 రోజుల నిలుపుదల, ఆపై 7 రోజులు, మూడో స్ట్రైక్‌తో సస్పెన్షన్. ఒక్కో స్ట్రైక్ 90 రోజులకు కాలం తీరుతుంది.

ప్రశ్న: విక్రేత బ్రాండ్ పేరును కీవర్డ్‌గా (ఏ పదం వెతికితే ప్రకటన కనిపించాలో చెప్పేది) పెట్టుకోవచ్చా?

జవాబు: ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా వాడటాన్ని గూగుల్ అడ్డుకోదు. ప్రకటన పాఠంలో వాడితే మాత్రం, యజమాని ఫిర్యాదు చేసినప్పుడు ఆంక్షలు పడవచ్చు. అసలు ముప్పు అఫిలియేట్ ఒప్పందంలోనే ఉంది. బ్రాండ్ పేరు మీద బిడ్డింగ్ (ఆ పేరును కీవర్డ్‌గా పెట్టి ప్రకటన వేలంలో పాల్గొనడం) వద్దని చాలా ప్రోగ్రాములు రాసుకుంటాయి, మీరితే కమిషన్ ఆపేస్తాయి. ఆ కీవర్డ్ పెట్టకపోవడం ఒక్కటే చాలదు. బ్రాడ్ మ్యాచ్ (కీవర్డ్‌కు సంబంధమున్న వేరే వెతుకులాటలకు కూడా ప్రకటన చూపే పద్ధతి) వల్ల బ్రాండ్ వెతుకులాటలకు కూడా మీ ప్రకటన కనిపించవచ్చు. కాబట్టి ఆ పేరును నెగటివ్ కీవర్డ్‌గా (ప్రకటన చూపించకూడని పదంగా) చేర్చి, ఏ వెతుకులాటలకు ప్రకటన కనిపించిందో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టును వారానికోసారి చూసుకోండి.