మాధవి వేషం వేసే ఆ అబ్బాయికి కూడా చూపించు

అమ్మా సుధా,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "బావగారూ, మీ అమ్మాయి హైదరాబాదులో కూచిపూడి భామాకలాపం ఆడుతుందట, సత్యభామ తనేనట" అంది. ఫోన్ పెట్టేశాక కూడా నా మొహం మీద నవ్వు పోలేదని మీ పెద్దమ్మ వెక్కిరించింది. రాత్రయ్యేసరికి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెబుతాను, ముందు మామూలు సంగతులు.

రెండు గంటల్లో ముగిస్తావట. ముగించు, తప్పేం లేదు. మేం రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే తెల్లారేది, పూర్వం అయితే రెండు మూడు రాత్రులు ఆడేవారట. అంత ఓపిక ఇప్పుడు చూసేవాళ్ళకీ లేదు, ఆడేవాళ్ళకీ లేదు. కానీ సత్యభామ వచ్చేటప్పటి పాట, ప్రవేశ దరువు, జడ, మొగుడి పేరు చెప్పే ఘట్టం, లేఖ, వీటి మీద కత్తెర పెట్టకు. మిగతాది నీ ఇష్టం.

తెర పట్టే ఇద్దరూ ఒకే ఎత్తు ఉండాలి. స్టేజి మీద మైకు వైర్లు టేపుతో అతికించమను. సాయంత్రం ఐదింటికే అన్నం తినేయ్, చల్లనీళ్ళు ముట్టుకోకు. సవరం బరువుకి కొప్పు దగ్గర లాగేస్తుంది. వారం ముందు నుంచే రోజూ గంటసేపు ఆ జడతోనే ఇంట్లో తిరుగు, వంట కూడా దానితోనే చెయ్.

జడ అంటే గుర్తొచ్చింది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని నేను చిన్నప్పుడు చూశాను, మా నాన్న భుజాల మీద కూర్చుని. తెర పైనుంచి జడ ఇటు పడింది. ఇంకా మనిషి కనపడలేదు, కనపడింది జడ ఒక్కటే. నా పక్కన ఓ ముసలావిడ "అబ్బ, ఎంత పొగరే దీనికి!" అంది. ఒట్టి జడని చూసి! నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఆ పొగరు దానంతటదే వస్తుందనుకోకు. ఆయన మగవాడై ఉండి సంపాదించుకున్నాడు, నువ్వూ సంపాదించుకోవాల్సిందే.

ఇక తిట్లు. పాటలూ మాటలూ ముందే రికార్డు చేసి పెట్టేస్తారట, ఎవరిచ్చారమ్మా ఈ సలహా? పాట వరకైతే ఏదో సర్దుకోవచ్చు. చెలికత్తె మాధవికీ సత్యభామకీ మధ్య మాటలు రికార్డులో ఎలా పెడతావు? జనం నవ్వితే ఆగాలి, నవ్వకపోతే తొందరపడాలి. రికార్డు ఆగదు కదా. ఒక్క మృదంగం, ఒక్క వయొలిన్, నట్టువాంగం తాళాలు పట్టుకుని పాడే మనిషి ఒకరు, వీళ్ళు చాలు. డబ్బు సరిపోకపోతే నాకు చెప్పు, మీ నాన్నకి చెప్పకు.

ఇప్పుడు నా నిద్ర పోగొట్టిన సంగతి. మాధవి వేషం మీ ఆఫీసు కుర్రాడు వేస్తున్నాడని, బయట స్టాండప్ కామెడీ కూడా చేస్తాడని, ముందు వరుసలో వాళ్ళతో మాట కలిపి నవ్విస్తాడని మీ అమ్మ గొప్పగా చెప్పింది. నాకు గుండె ఝల్లుమంది.

నేను పదిహేనేళ్ళు మాధవిని. సూత్రధారుణ్ణీ నేనే, సత్యభామ దగ్గర మాధవినీ నేనే, కృష్ణుడి దగ్గరికెళ్తే మాధవుణ్ణీ నేనే. మొగుడి పేరు చెప్పమంటే సత్యభామ సిగ్గుపడి చేతులతో చక్రం చూపిస్తుంది. "ఓహో, కుమ్మరాయనా?" అంటాను. శంఖం చూపిస్తుంది. "ఓహో, ఊరూరా శంఖం ఊదుకుంటూ తిరిగే దాసరా?" అంటాను. జనం పడి పడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నా తలకెక్కింది.

1979, శ్రీరామనవమి పందిరి, దివిసీమకి కాస్త ఎగువన ఒక ఊరు. నాకు ఇరవయ్యారేళ్ళు. ఆ రాత్రి నవ్వులు బాగా పండుతున్నాయి. ఇంకా కావాలనిపించింది. సత్యభామని వదిలేసి పందిట్లోకి తిరిగాను. "పోనీ మీరైనా చెప్పండమ్మా, మీ ఆయన పేర్లు!" అన్నాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ "మా పెద్దాడి నాన్న" అంది, పందిరి ఎగిరిపోయింది. పక్కనే ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె నవ్వకుండా కూర్చుని ఉంది. నవ్వని మనిషి కనపడితే నాలాంటివాడు ఊరుకుంటాడా? "నువ్వు చెప్పు తల్లీ" అన్నాను.

చెప్పేసింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా.

పందిరి మొత్తం నిశ్శబ్దం. నాకు అర్థం కాలేదు. "చూశావా సత్యా, ఈవిడకి నీపాటి సిగ్గు కూడా లేదు!" అన్నాను.

ఎవ్వరూ నవ్వలేదు. ఆ పిల్లని సముద్రం పక్క ఊరికి ఇచ్చారట. 1977 నవంబరు 19 ఉప్పెనలో మొగుడూ అత్తమామలూ కొట్టుకుపోతే పుట్టింటికి వచ్చేసింది. ఏడాదిన్నర కూడా కాలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. కానీ అది ఏ సీమో, ఆ నీళ్ళు ఎంతమందిని తీసుకుపోయాయో నాకు ముందే తెలుసు కదా. తెలిసి కూడా అడిగాను.

మా సత్యభామ వేషం వేసే అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనకి వెంటనే అర్థమైపోయింది. మిగిలిన హాస్యమంతా దాటేసి, నా మొహం చూడకుండా, నేరుగా లేఖ ఎత్తుకున్నాడు. వదిలి వెళ్ళిన మొగుడికి భార్య రాసుకునే లేఖ అది. అంతవరకూ దాన్ని నేనొక పాటగానే విన్నాను, దాని తర్వాత నాకు మళ్ళీ మాటలుంటాయి కాబట్టి. ఆ పిల్ల చివరిదాకా లేవలేదు. తెల్లారాక వాళ్ళింటికి వెళ్దామని బయల్దేరి, వీధి మొగదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఏమని చెప్పను?

మాధవి ఆట పట్టించాల్సింది సత్యభామని, ఆవిడ బడాయిని. పందిట్లో కూర్చున్నవాళ్ళని కాదు. ఇప్పుడు మీరంతా మొగుళ్ళని పేరు పెట్టే పిలుస్తారు కాబట్టి ఆ ఘట్టం పాతబడిందని మీ కుర్రాడికి అనిపించవచ్చు, కొత్తగా ఏదైనా చేద్దామని చెయ్యి దురద పెట్టవచ్చు. అతన్ని కోప్పడకు. నాకంటే మంచివాడే అయ్యుంటాడు. ఈ ఉత్తరం ఇచ్చి చదువుకోమను, అంతే.

నా పాత జడకుప్పెలు మీ తమ్ముడి చేత పంపుతున్నాను. ఒకటి సొట్టపోయింది, లోపలి వైపుకి తిప్పి కట్టుకో.

నేనూ పెద్దమ్మా ముందురోజే వస్తాం. పెద్దవాళ్ళమని మర్యాదకి ముందు వరుసలో కుర్చీలు వేయించకు. ఆవిణ్ణి ఎక్కడైనా కూర్చోబెట్టు, నాకు మాత్రం వెనక, తలుపు పక్కన చూడు.

మీ పెదనాన్న