పెట్టెలో తొమ్మిది నవలలు, ప్రోనోటు మీద నలభై వేలు

ప్రశ్న: నేను నరసన్నపేట నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వెళ్లి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. జీతం 26,000. వేసవిలో రెండు నెలలు సగమే ఇస్తారు. మా ఆయనకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. రెండేళ్ల కిందట షాపులో సరుకు కోసం తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాం, వడ్డీ నా జీతంలోంచి కడుతున్నాను. పోస్టాఫీసులో నా పేరున నెలకు 2,000 ఆర్‌డీ 31 నెలలుగా కడుతున్నాను, పాసుబుక్కులో 6.7 శాతం అని ఉంది. బ్యాంకులో 14,000 ఉంది. ఎం.ఏ. చదివే రోజుల నుంచి నాకు వర్జీనియా వుల్ఫ్ అంటే ప్రాణం. ఆమె తొమ్మిది నవలలు, వ్యాసాలు కలిపి గట్టి అట్టలతో బాక్స్ సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో 11,800కి వచ్చింది. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. ఇలాంటివాటికి తర్వాత రేటు పెరుగుతుంది, ఇదీ పెట్టుబడే అంటాడు మా తమ్ముడు. మా ఆయనేమో "చదివేసిన పుస్తకాలే కదా, డబ్బాలో పెట్టినందుకు పన్నెండు వేలా?" అంటారు. ఈఎంఐ మీద కొనేసి, తర్వాత మెల్లగా చెప్పనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఇక్కడ కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో ఆ పుస్తకాల బైండింగ్ గురించి, అట్టల మీది బొమ్మల గురించి పేజీన్నర ఉంది. అప్పు గురించి ఒక్క వాక్యం. నా కళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాయి. ఏళ్ల తరబడి డబ్బు సలహాలు ఇచ్చే పని చేస్తున్నవాణ్ని, అలవాటు పోదు. అయినా ముందు మీరు అడిగినదానికే వస్తాను.

మీ తమ్ముడి మాట పట్టించుకోకండి. పాత పుస్తకాలకు రేటు పలకదని నేను అనను. 1917లో వుల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ కలిసి పందొమ్మిది పౌండ్ల చిల్లర పెట్టి ఒక చేతి ప్రెస్సు కొన్నారు. లండన్ పక్కన రిచ్‌మండ్‌లో తమ ఇంటి భోజనాల గదిలోనే దాన్ని పెట్టుకుని, అక్షరాలు తామే పేర్చి, ఇద్దరివీ చెరో కథ కలిపి మొదటి పుస్తకం వేశారు. వేసినవి 150 కాపీలు. అలాంటి కాపీ మీ అటక మీద దొరికితే నాకు చెప్పండి, అప్పుడు వేరే సలహా ఇస్తాను. ఇప్పుడు అమ్ముతున్న బాక్స్ సెట్ సంగతి అలా కాదు. అయిపోతే మళ్లీ అచ్చేస్తారు. అడిగినన్ని దొరికే సరుకుకు పదేళ్ల తర్వాత ఎవరు ఎక్కువిస్తారు?

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. పెళ్లయిన కొత్తలో విజయనగరంలో మా ఇంటికి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. విజ్ఞాన సర్వస్వం, పన్నెండు సంపుటాలు, పద్దెనిమిది వాయిదాలు, చెక్క స్టాండు ఫ్రీ. "మీ పిల్లల కాలానికి దీని విలువ మూడింతలు సార్" అన్నాడు. సంతకం పెట్టేశాను. పిల్లలు దాన్ని క్రికెట్‌లో వికెట్లుగా వాడారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ రెక్క ఊడి రాత్రంతా జల్లు కొట్టింది. పొద్దున చూస్తే అట్టపెట్టెలు నీళ్లు పీల్చి ఉబ్బిపోయాయి. లోపలి పుస్తకం బయటికి రాదు. బ్లేడు పెట్టి పెట్టె అంచు కోసి లాగితే, అట్ట నా చేతికి వచ్చింది, పుస్తకం లోపలే ఉంది. పాత పేపర్లవాణ్ని పిలిస్తే, గట్టి అట్టలు కోసి పక్కన పడేసి మిగతాది కాటా వేశాడు. మూడింతల విలువ కిలో లెక్కన తేలింది.

కాబట్టి ఇది ఖర్చు. అంతమాత్రాన తప్పేం కాదు. మీరు రోజూ వచ్చే శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది, తెలుగు కథల గ్రంథాలయం. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో దాన్ని మొదలుపెట్టి, తనకొచ్చిన అవార్డు డబ్బు కూడా అందులోనే పెట్టారు. పాత పత్రికలు, కథల పుస్తకాలు వేలకొద్దీ పోగుచేశారు. ఆయన్ని పట్టుకుని "రేటు పెరుగుతుందా మాస్టారూ?" అని ఎవరూ అడిగి ఉండరు. పుస్తకం మీద ఖర్చు పెట్టండి, పెట్టుబడి అన్న పేరు మాత్రం పెట్టకండి. ఆ పేరు పెడితే చేయి ఇంకా ఇంకా సాగుతుంది.

ఇక ఈఎంఐ. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అప్పటి నుంచి పేరు మారింది, లెక్క మారలేదు. మీ 11,800కి ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆరు నెలల వడ్డీ దాదాపు 500. అమ్మేవాడు ఆ 500 ముందే డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తాడు, బ్యాంకు దాన్ని మళ్లీ వడ్డీగా వసూలు చేస్తుంది. ఇక్కడిదాకా సరికి సరి. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మీరే కట్టాలి, అది 90. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని మీద కూడా జీఎస్‌టీ, కలిపి 235. అంటే 325 రూపాయలు ఊరికే పోతాయి. అచ్చు పుస్తకానికి మన దేశంలో జీఎస్‌టీ లేదు. పుస్తకం కొనడానికి చేసిన అప్పుకు మాత్రం ఉంది! 325 పెద్ద మొత్తమేం కాదు, ఒప్పుకుంటాను. నా భయం వేసవి గురించి. ఆ ఆరు వాయిదాల్లో ఒక్కటి మీ సగం జీతం నెలలో పడి, కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. మీ రెండు రూపాయల అప్పే నయం అనిపిస్తుంది.

మీకు కావలసింది పుస్తకాలా, పెట్టెనా? వెక్కిరింపుకు అడగడం లేదు. అందమైన పెట్టె కావాలనుకోవడం కూడా కోరికే, దానికో ధర ఉంటుంది. పుస్తకాలే అయితే దారి చాలా చవక. వుల్ఫ్ చనిపోయింది 1941 మార్చిలో. అదే ఏడాది ఆగస్టులో మన రవీంద్రుడు పోయారు. ఆయన రచనల హక్కు 50 ఏళ్లకు ముగిసిపోబోతుంటే, మన దేశంలో కాపీరైటు గడువును 60 ఏళ్లకు పెంచారు. ఆ లెక్కన ఇద్దరి హక్కులూ 2001 ఆఖరుతో ముగిశాయి. 2002 నుంచి వుల్ఫ్ నవలలు ఇక్కడ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. వేస్తున్నారు కూడా. మామూలు పేపర్‌బ్యాక్ రెండు మూడు వందల్లో దొరుకుతుంది, ఫోన్‌లో చదువుతానంటే ఉచితం. డైరీలు మాత్రం పూర్తి రూపంలో 1977 నుంచి అచ్చయ్యాయి, వాటి మీద ఇంకా హక్కు ఉంది. మీ సెట్లో డైరీలు ఉంటే ధరకు కొంత అర్థం ఉండేది. మీరు రాసినదాన్ని బట్టి లేవు.

ఇప్పుడు నా కళ్లు ఆగిన చోటికి వద్దాం.

నలభై వేలకు రెండు రూపాయలంటే నెలకు 800. రెండేళ్లలో 19,200 కట్టారు, అసలు అలాగే ఉంది. పదిహేను నెలలకోసారి పన్నెండు వేలు, అంటే ఒక వుల్ఫ్ సెట్ ఖరీదు, ఆ అప్పు ఇచ్చినాయన ఇంటికి చేరుతోంది. ఆయన దాన్ని చదవడు కూడా. మరోవైపు మీ పేరున 62,000 పోస్టాఫీసులో 6.7 శాతానికి కూర్చుని ఉంది. ఒక చేత్తో 6.7కి దాస్తూ, ఇంకో చేత్తో 24 శాతానికి కడుతున్నారు. మీరే కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే వరస. దాచింది కదపకూడదని చిన్నప్పుడు నేర్పిన మాట అలా పట్టుకుని ఉంటుంది.

ఆర్‌డీ తెరిచి మూడేళ్లు నిండలేదు కాబట్టి మధ్యలో మూసే వీల్లేదు. మూయనక్కర్లేదు కూడా. పన్నెండు వాయిదాలు కట్టినవాళ్లకు ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా పోస్టాఫీసే అప్పు ఇస్తుంది. ఆర్‌డీ వడ్డీకి రెండు శాతం కలిపి తీసుకుంటుంది, మీకు 8.7 పడుతుంది. జంక్షన్లో తాకట్టు కొట్లో అడిగితే బంగారం పెట్టమంటారు, ఇక్కడ పాసుబుక్కు, ఫారం చాలు. మీకు 31,000 దాకా వస్తుంది. బ్యాంకులో ఉన్న 14,000లోంచి 9,000 తీసి దానికి కలపండి. నలభై వేలు ఒకేసారి తీర్చేయండి. మిగిలిన 5,000 వేసవికి ఉంచండి, దాని జోలికి పుస్తకం కోసం కూడా వెళ్లొద్దు.

పోస్టాఫీసు వడ్డీ మొదటి నెల దాదాపు 225. మీరు ఇన్నాళ్లూ కడుతున్న 800లో 575 మీ దగ్గరే ఉండిపోతుంది. అసలు మాత్రం మీ ఆయన కట్టాలి. ఆర్‌డీ గడువుకు ఇంకా 29 నెలలు ఉంది. నెలకు 1,070 చొప్పున కడితే సరిగ్గా అప్పటికి తీరిపోతుంది. షాపు సరుకు కోసం తెచ్చిన అప్పుకు మీ జీతంలోంచి వడ్డీ కడుతూ, మీరు ఒక పుస్తకం అడిగితే దండగ అనిపించుకోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు. ఆయన చెడ్డవాడని అనడం లేదు. ఈ లెక్క ఆయన ఎప్పుడూ ఒకచోట రాసి చూసుకుని ఉండరు. షాపు మూసి ఇంటికొచ్చి, భోజనాలయ్యాక, కాగితం మీద రెండే అంకెలు వేసి చూపించండి, 800, 225. వ్యాపారం చేసే మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు.

మీ 575తో ఏం చేయాలో నేను చెప్పను. అది మీ డబ్బు. వుల్ఫ్ 1929లో వేసిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అనే చిన్న పుస్తకంలో రాయదలచుకున్న ఆడదానికి ఒక గది, ఏడాదికి 500 పౌండ్లు ఉండాలన్న సంగతి మీకు నేను చెప్పేదేముంది. కానీ డబ్బు మనిషిగా నాకు అందులో నచ్చింది వేరే చోట. కథ చెప్పే ఆమెకు ఆ డబ్బు ఒక మేనత్త నుంచి వస్తుంది. ఆ మేనత్త మన బొంబాయిలో గుర్రం మీద షికారు వెళ్లి కిందపడి చచ్చిపోయింది! అంతకు ముందు ఈమె గాడిదల ప్రదర్శన గురించి, పెళ్లిళ్ల గురించి పత్రికలకు రాసి, కవర్ల మీద అడ్రసులు రాసి, పసిపిల్లలకు అక్షరాలు దిద్దించి బతికింది. డబ్బు వచ్చాక పర్సు తీసినప్పుడల్లా పది షిల్లింగుల నోటు దానంతట అదే పుడుతున్నట్టు ఉందని ఆశ్చర్యపోతుంది. నెలనెలా, ఎవరినీ అడగకుండా వచ్చే డబ్బు. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లకు గంటసేపు చెప్పినా ఎక్కని మాట అది.

సరదాకి లెక్క వేశాను. 1927లో చట్టం చేసి రూపాయిని 18 పెన్నీలకు కట్టారు, అంటే పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు (అణాకు 12 పైలు). 500 పౌండ్లు ఏడాదికి 6,666 రూపాయలు, నెలకు 555. మీ చేతికి రాబోయేది 575. అప్పటి 555తో ఇప్పటి 575కి పోలికేమిటని మీరు నవ్వొచ్చు, నేనూ నవ్వుకున్నాను. అయినా మీకోసం ఎవరూ గుర్రం మీంచి పడక్కర్లేదు.

అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా నెలకు ఏడెనిమిది రూపాయలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, అంతా దాస్తే పంతొమ్మిదో నెలకు 12,000 దాటుతుంది. అప్పుడు పెట్టె నగదుకే కొనుక్కోవచ్చు. అంతదాకా ఆగలేకపోతే నెలకో పేపర్‌బ్యాక్, ఏడాదిలోపే తొమ్మిది నవలలూ అల్మారాలో ఉంటాయి. నేనైతే రెండోదే చేస్తాను. కానీ ఆమె నవలల్లో ఒకటి సగంలో వదిలేసినవాణ్ని, నా మాట ఎంతవరకు వినాలో మీరే చూసుకోండి. వుల్ఫ్ కూడా తన పుస్తకాల డబ్బును అల్మారాలో ఏం దాచలేదు. పల్లెలో ఉన్న ఇంటికి రెండు మరుగుదొడ్లు కట్టిస్తున్నామని, ఒకటి నవల డబ్బుతో, ఇంకొకటి వ్యాసాల డబ్బుతో అని 1926లో స్నేహితురాలికి ఉత్తరం రాసింది.

దాచి కొనడం గురించి ఒక్క మాట. నరసన్నపేట లాంటి ఊళ్లో కొరియర్ కుర్రాడికి ఇల్లు దొరక్కపోతే నేరుగా మీ ఆయన షాపుకే వెళ్తాడు. ఆ పెట్టె ఎంత బరువుంటుందో ఆయనకే ముందు తెలుస్తుంది.

సగం జీతం నెలలు రాకముందే పోస్టాఫీసు పని పూర్తి చేసుకోండి. అప్పిచ్చినాయనకు డబ్బు అందించే రోజున ఇంకో మనిషిని వెంట తీసుకెళ్లండి, ప్రోనోటు వెనక్కి తీసుకుని అక్కడే చించేయండి. "ఎక్కడో పెట్టానమ్మా, రేపు వెతికి పంపిస్తాలే" అంటే, డబ్బు కూడా రేపే తెస్తామని చెప్పి వచ్చేయండి.