కేటగిరీ 1 అంటే కట్ట తెగిపోతుందనా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో పోయినేడు ఇల్లు కొన్నాడు. స్థలంలోనే చిన్న చెరువు, దానికో మట్టికట్ట, అవీ వాడివే. ఇప్పుడు ఆ కట్టను కేటగిరీ 2 నుంచి 1కి మార్చామని రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ వాళ్లు ఉత్తరం పంపారు. కట్టకి చిన్న బీట కూడా లేదంటాడు వీడు. మా వియ్యంకుడు గారేమో వెంటనే అమ్మేయమంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. కట్ట బలహీనంగా ఉందని ఆ ఉత్తరం చెప్పడం లేదు. ఒకవేళ తెగితే కింద ప్రాణాలు పోయే అవకాశం ఉంటే కేటగిరీ 1, లేకపోతే 2. నిన్నటిదాకా బీడుగా ఉన్న చోట ఎవరో నాలుగు ఇళ్లు కట్టుకున్నా చాలు, అదే కట్ట, అవే నీళ్లు, కేటగిరీ మాత్రం మారిపోతుంది. మీవాడి విషయంలోనూ బహుశా అదే జరిగి ఉంటుంది, కారణమేమిటో వాళ్లనే అడగమనండి.

మన 2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు సరిపోయేవాటికీ వర్తిస్తుంది. జార్జియాలో 25 అడుగుల ఎత్తున్నా, 100 ఎకరాల్లో అడుగు లోతున నిలిచేటన్ని నీళ్లు పట్టినా చాలు, సొంత స్థలంలో ఉందని వదలరు. ఆ పట్టుదల ఊరికే రాలేదు. 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక, అందరూ నిద్రలో ఉండగా, జార్జియాలోనే టకోవా అనే ఊరి దగ్గర కెల్లీ బార్న్స్ అనే మట్టి డ్యామ్ తెగి 39 మంది పోయారు. మరుసటేడే చట్టం తెచ్చారు. చిన్న కట్టే కదా అనుకోకూడదని 2019లో హుళిమావు చెరువుకు గండి పడి వందల ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు మన బెంగళూరులోనూ చూశాం.

కాబట్టి అమ్మేయడం కాదు, కట్టను చూసుకోవాలి. కేటగిరీ 1కి పర్మిట్ కావాలి, డ్యాములు తెలిసిన ఇంజనీరు కావాలి, అలుగు సరిపోకపోతే పెద్దది చేయాల్సి రావచ్చు, ఖర్చు మీవాడిదే. కట్ట కింది అంచున ఊట ఉంటే గాజు గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూడమనండి. కోలారు వైపు ఒక కట్ట దగ్గర నేనలా పట్టినప్పుడు నిమిషంలో అడుగున ఎర్రమట్టి పేరుకుంది, అంటే లోపల మట్టి కొట్టుకుపోతూ బుంగ పడుతోందన్నమాట. తేటగా ఉన్నా ఇంజనీరుకి చెప్పాలి, మట్టిగా ఉంటే మాత్రం ఆ రోజే చెప్పాలి. కట్ట మీద పెద్ద చెట్లుంటే తొందరపడి కొట్టించవద్దు, వేళ్లు కుళ్లితే నీళ్లకు అవే దారులవుతాయి.

ఇంకోటి, కింద ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు ఈ వారంలోనే వెళ్లి తీసుకోమనండి, ఎమర్జెన్సీ ప్లాన్ కాగితం తయారయ్యేదాకా ఆగొద్దు.