చెన్నైలో ఇంటి దగ్గరి కార్పొరేషన్ ప్రైమరీ స్కూల్లో పాపని చేర్చే ముందు ఏం చూడాలి?

ముందు టీచర్లు ఎంతమందో కనుక్కోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. దేశంలోని స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో స్కూలు పేరు కొడితే ఆ లెక్క కనిపిస్తుంది, కానీ అది పాతది కావచ్చు కాబట్టి హెచ్ఎంనే అడగండి, ఒకే గదిలో రెండు మూడు తరగతులు కలిపి కూర్చోబెడుతున్నారా అని కూడా.

తర్వాత పర్మిషన్ తీసుకుని రెండో తరగతి నోటుపుస్తకం ఒకటి తిరగేయండి. అన్నీ బోర్డు చూసి ఎక్కించినవేనా, పిల్లలు సొంతంగా రాసిన వాక్యాలేమైనా ఉన్నాయా, తప్పు దగ్గర సున్నా చుట్టి మళ్లీ రాయించారా, లేక ప్రతి పేజీకీ ఒకే టిక్కా? నా దృష్టిలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

బాత్రూమ్‌లో నీళ్లొస్తున్నాయో లేదో మధ్యాహ్నం పూట చూడండి. టిఫిన్, భోజనం రెండూ స్కూల్లోనే పెడతారు.

మనవాళ్లకి అసలు టెన్షన్ తమిళమే. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టంతో అది స్కూళ్లలో తప్పనిసరి సబ్జెక్టు అయింది, అందుకే ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకి మొదటి నెలల్లో ఎలా సాయం చేస్తారో క్లాస్ టీచర్‌నే అడగండి. సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ తల్లుల్ని కూడా కదిలించండి, ఉన్నదున్నట్టు చెప్తారు.